ఈసీ తీయించారు సరే, పాత నెంబరు చెప్పారా?



ఇల్లు కొనేటప్పుడు మన ఆడవాళ్ళం ఏం చూస్తాం? వంటిల్లు ఆగ్నేయంలో ఉందా, పంపులో నీళ్ళు వస్తాయా, పక్కింటివాళ్ళు ఎలాంటివాళ్ళు, ఇవే గదా! కాగితాల సంగతి మగవాళ్ళు చూసుకుంటార్లే అనుకుంటాం. నేనూ అలా అనుకున్నదాన్నే. ఆ కాగితాల్లో ఒకదాని గురించీ, దాన్ని మన చేతికిచ్చే ఉద్యోగి గురించీ ఇవాళ నాలుగు మాటలు చెబుతాను.

ఒక ఇంటి మీద ఫలానా ఏడు నుంచి ఫలానా ఏడు దాకా రిజిస్టరైన అమ్మకాలు, తాకట్లు, దానాలు ఏమున్నాయో వెదికి సబ్‌రిజిస్ట్రారు ఆఫీసువారు ఇచ్చే కాగితమే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్. అంత పేరు నోరు తిరగదు గనక అందరం ఈసీ అంటాం. రిజిస్టరు కాని లావాదేవీలు అందులోకి రావు. ఈ మాట గుర్తుంచుకోండి.

పూర్వం ప్రతి దస్తావేజునీ లావుపాటి పుస్తకాల్లోకి చేత్తో ఎక్కించేవారు. వాటికి రెండు రకాల సూచికలు. ఒకటి మనుషుల పేర్లతో, ఇంకొకటి ఆస్తుల వివరాలతో. ఈసీ కావాలంటే గుమాస్తాగారు ఏడాది తర్వాత ఏడాదిగా ఆ పుటలన్నీ తిరగెయ్యాలి. మనం రోజుల తరబడి తిరగాలి. మధ్యలో చేతులు తడిపే ముచ్చట సరేసరి! 1998 నవంబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 'కార్డ్' అనే పథకం కింద 214 సబ్‌రిజిస్ట్రారు ఆఫీసుల్లో ఈ పనికి కంప్యూటర్లు వచ్చాయి. రోజుల పని నిమిషాల్లోకి దిగింది. 2011 నవంబరులో మీసేవ వచ్చాక వీధి చివరే దొరకసాగింది. ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇంట్లో కూర్చుని చూసుకునే వీలుంది. అయితే కంప్యూటరుకెక్కింది 1983 నుంచి మాత్రమే. అంతకు ముందువి కావాలంటే ఆఫీసులో అర్జీ పెట్టుకోవాల్సిందే.

ఇక మా సంగతి. 2014లో ఒక పాత ఇల్లు బేరమాడాం. మావారి పి.ఎఫ్. డబ్బూ, నా రెండు పేటల గొలుసూ కలిపితే బయానాకి సరిపోయింది. కౌంటరులో కుర్రవాడు ఇంటి నెంబరు అడిగాడు. మావారు గుమ్మం మీదున్న నెంబరు చెప్పారు. పది నిమిషాల్లో కాగితం చేతికొచ్చింది. ఇరవై ఏళ్ళలో ఏ లావాదేవీలూ లేవని అందులో ఉంది. ఇంకేం, చిక్కులేని ఇల్లని సంబరపడిపోయాం.

మా వెనకవీధిలో ఒక పెద్దాయన ఉండేవారు. రిజిస్ట్రేషన్ శాఖలో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. మావారు ఆ కాగితం చూపిస్తే ఆయన కళ్ళజోడు సవరించుకుని, "అమ్మేవాడు ఈ ఇల్లు ఎప్పుడు కొన్నాడోయ్?" అన్నారు. పదకొండేళ్ళ కిందటండీ అన్నారు మావారు. "మరి ఆ కొనుగోలైనా ఇందులో కనిపించాలి గదా! అదీ లేదంటే మీ యింటికోసం వెదకలేదన్న మాట. పాత నెంబరేమిటో కనుక్కో" అన్నారు.

నా గుండె ఝల్లుమంది. నిజమే, ఆ పేటలో మునిసిపాలిటీవారు నెంబర్లు మార్చారుట. పాత నెంబరూ, దస్తావేజులో ఉన్న సర్వే నెంబరూ ఇచ్చి మళ్ళీ తీయిస్తే అమ్మేవాడి కొనుగోలు కనిపించింది. దాని కిందే ఇంకా తీరని తాకట్టు ఒకటి!

మరి తప్పెవరిది? యంత్రానిదనలేం. మనం ఏది కొడితే అదే వెదుకుతుంది. కుర్రవాడిదా అంటే, పాపం అతనికి ఏ మీట నొక్కాలో నేర్పారు గాని, ఏం అడగాలో నేర్పలేదు. ఉత్త కాగితం వస్తే ఎందుకని అనుమానించడం పెద్దాయనకి సూచికలు తిరగేసి తిరగేసి వచ్చిన విద్య. ఆయన రిటైరైన రోజున శాలువా కప్పి, పూలదండ వేసి పంపించారుట. ఆయనకు తెలిసింది అడిగి రాసుకున్నవాళ్ళు మాత్రం లేరు.

శిక్షణలు లేవని కాదు. హైదరాబాదులో మర్రి చెన్నారెడ్డిగారి పేరిట ప్రభుత్వోద్యోగుల కోసం పెద్ద సంస్థే ఉంది. 2020 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం మిషన్ కర్మయోగికి ఆమోదం తెలిపింది. దాని కింద ఉద్యోగులు ఫోనులోనే పాఠాలు చదువుకోవచ్చు. మంచిదే. కాని రిటైరు కాబోయే గుమాస్తాని ఓ నెల్లాళ్ళు కొత్త కుర్రాళ్ళ పక్కన కూర్చోబెట్టడానికి ఏ ఫోనూ అక్కర్లేదు గదా! కోడలికి ఆవకాయ పాళ్ళు పుస్తకంలో రాసిచ్చినా, మొదటి ఏడు అత్తగారు జాడీ పక్కన నిలబడకుండా ఉంటుందా?

మీరు ఈసీ తీయించేటప్పుడు కొత్త నెంబరూ, పాత నెంబరూ, ప్లాటు నెంబరూ, సర్వే నెంబరూ అన్నీ ఇవ్వండి. దస్తావేజులోని హద్దులతో సరిచూడండి. అమ్మేవారి కొనుగోలు అందులో కనిపించిందో లేదో మీ కళ్ళతో మీరే చూసుకోండి.

మాకు ఆ ఇల్లు ఆర్నెల్లు ఆలస్యమైంది. అమ్మేవాడు అప్పు తీర్చి, తాకట్టు రద్దు కాగితం రిజిస్టరు చేయించాక మళ్ళీ ఈసీకి వెళ్ళాం. ఈసారి నేనూ వెళ్ళాను. కౌంటరులో ఆ కుర్రవాడే ఉన్నాడు. మేము నోరు తెరిచేలోపలే, "పాత నెంబరేమన్నా ఉందాండీ?" అని అడిగాడు.