కంచె చేను మేసినపుడు

విమానమనగా పెద్ద కర్మాగారములలో తయారగునదని మనము తలంతుము. కాని అమెరికాలో ఇంటి షెడ్డులోనే విమానమును నిర్మించుకొని, అందు తామే యెగురువారు వేలకొలది కలరు. 1953లో మిల్వాకీ నగరమున ఇట్టివారికై యొక సంఘము కూడ వెలసినది. రెక్కలను, ఇంజనును కూర్చునపుడు చూపు శ్రద్ధ విద్యుత్తు తీగెల విషయమునను వలయును. అందొక చిన్న సంగతిని నేడు శ్రోతలకు మనవి చేయుదుము.

చిన్న విమానములలో బ్యాటరీ తరచుగా 12 వోల్టులది. ఇంజను త్రిప్పు ఆల్టర్నేటరు దానిని ఛార్జి చేయుచు, దీపములకును, రేడియోకును, పరికరములకును సుమారు 14 వోల్టుల విద్యుత్తు నిచ్చును. ఆల్టర్నేటరులో తిరుగు తీగెచుట్ట అయస్కాంతమగుటకు స్వల్పమైన విద్యుత్తు కావలెను. ఆ విద్యుత్తును హెచ్చించుచు, తగ్గించుచు వోల్టేజిని అదుపులో నుంచునది రెగ్యులేటరు. చేనికి కంచె యెట్టిదో, విమానమునకిది యట్టిది.

కంచెయే చేను మేసిన నేమగును? రెగ్యులేటరు చెడి చుట్టకు పూర్తి విద్యుత్తును వదలినచో, వోల్టేజి పట్టపగ్గములు లేక పెరుగును. అదనపు విద్యుత్తును బ్యాటరీ కొంతసేపు మ్రింగి అడ్డుపడును. తొందరపడి ముందుగా బ్యాటరీని వేరుచేసిన ఆ అడ్డు కూడ తొలగిపోవును. పరికరములు మాడును. ఇంజనుకు నిప్పురవ్వ నిచ్చునది ఆ విద్యుత్తుపైననే ఆధారపడియున్నచో, ఆకాశమున ఇంజనే ఆగవచ్చును.

కావున రెగ్యులేటరుతో సంబంధము లేని వేరొక కావలి యుండవలెను. వోల్టేజి సుమారు 16 దాటగానే, ఈ చిన్న పరికరము చుట్టకు విద్యుత్తు నిచ్చు తీగెను కోరి షార్టు చేయును. వెంటనే ఆ తీగెపై నున్న 5 ఆంపియర్ల బ్రేకరు ట్రిప్పగును. ఆల్టర్నేటరు తిరుగుచున్నను విద్యుత్తు పుట్టదు. బ్యాటరీ మాత్రము పనిచేయుచునే యుండును.

కారుల ఆల్టర్నేటరులలో రెగ్యులేటరు సాధారణముగా లోపలనే యుండును; చుట్ట తీగె బయటివారికి చిక్కదు. అట్టివానికి ప్రధానమైన లావుపాటి తీగెనే వేరుచేయు కాంటాక్టరు కావలెను.

ఆల్టర్నేటరు ఆగినట్లు పైలటునకు తెలుపుటకు తక్కువ వోల్టేజి దీపము నమర్చవలెను. అది వెలిగినచో అనవసరమైన పరికరముల నాపి, బ్యాటరీలో శక్తి యుండగనే దిగవలెను. బ్రేకరును మరల మరల నొక్కుట క్షేమము కాదు. ఈ కావలి పరికరమును ముందుగా నేలపైననే, వోల్టేజిని మెల్లగా పెంచి, పరీక్షించుకొనవలెను.

కంచెను నమ్మవలసినదే. కాని ఆ కంచెను కనిపెట్టు కన్ను వేరుగా నుండవలెనని మా మనవి.