ఇంటిని చూడడం

పాట వినడం నేర్పేవాళ్లున్నారు, బొమ్మ చూడడం నేర్పేవాళ్లున్నారు. ఇంటిని ఎలా చూడాలో మాత్రం ఎవరూ చెప్పరు. కాపురమున్నదాన్ని మళ్లీ చూసేదేముంది అనుకుంటాం.

మదనపల్లెలో జిడ్డు కృష్ణమూర్తి పుట్టిన ఇల్లుంది. ఇప్పుడు కృష్ణమూర్తి ఫౌండేషన్ సంరక్షణలో ఉంది. రిషీవ్యాలీ బడికి మూలపురుషుడి ఇల్లు కదా అని పెద్ద లోగిలి ఊహించుకుని వెళ్లకండి. తండ్రి నారాయణయ్య రెవెన్యూ ఉద్యోగి, పిల్లలు గలవాడు. ఇరుకైన చిన్న మిద్దె, అప్పట్లో ముందు మురుగుకాలువ. కృష్ణమూర్తి జీవితచరిత్ర రాసిన మేరీ ల్యుటెన్స్ రాష్ట్రపతి భవనం కట్టిన ల్యుటెన్స్ దొరకు కూతురు. మహాసౌధాలు గీసినవాడి బిడ్డ ఈ చిన్న మిద్దె గురించి రాయాల్సి వచ్చింది చూడండి!

ఈ ఇంట్లో తీరిగ్గా నిలబడాల్సింది దేవుడి గది ముందు. 1895 మే నెలలో, అర్ధరాత్రి దాటాక, తల్లి సంజీవమ్మ ఎనిమిదో బిడ్డగా కృష్ణమూర్తిని కన్నది అక్కడే. ఇంగ్లీషు లెక్కన 12వ తేదీ, పంచాంగం లెక్కన ఇంకా 11. ఆనాటి ఆచారపరుల ఇళ్లలో పురుడంటే మైల, దానికి ఓ మూల గది. స్నానం చేసి మడి కట్టుకోనిదే అడుగు పెట్టకూడని చోటును ఆవిడ కోరి ఎంచుకుంది. ఆ గడప ఎత్తు చూడండి, గది ఎంత చిన్నదో చూడండి. ఇంటి కట్టుబాటు ఎక్కడుందో, ఎవరు దాన్ని దాటారో అక్కడే తెలుస్తుంది. గోడల వన్నె కంటే నాకు ఇదే ముఖ్యం.

ఆ బిడ్డను జగద్గురువుగా నిలబెట్టాలని దివ్యజ్ఞాన సమాజం వారు 1911లో ఒక సంఘమే పెట్టారు. హాలెండులో ఓ జమీందారు కోటనూ, వేల ఎకరాలనూ రాసిచ్చాడు. 1929 ఆగస్టు 3న అక్కడి ఓమెన్‌లో కృష్ణమూర్తి ఆ సంఘాన్ని రద్దు చేసి, వచ్చిన ఆస్తులు తిరిగి ఇచ్చేశాడు. గురువే వద్దన్న మనిషి పుట్టిన ఇంటికి పూలదండతో వెళ్లడం నాకు నచ్చదు. ఊరికే చూస్తే చాలు.

పుంగనూరులో, కుప్పంలో ఉన్న శ్రోతలకు ఒక మనవి. మీ వీధిలో పాత మిద్దె కూలగొట్టబోతుంటే, అంతకు ముందే ఒకసారి లోపలికి వెళ్లండి. పురిటి గది ఏదో, వచ్చినవాళ్లలో ఎవరిని ఎక్కడిదాకా రానిచ్చేవారో ఆ ఇంటి పెద్దావిడను అడిగి రాసి పెట్టుకోండి.