ఆసు పోయడం నేర్చుకుందామా?

మరిపెడలో ఏ పెళ్లికి వెళ్లినా ఒకటో రెండో పోచంపల్లి చీరలు కనిపిస్తాయి. వాటి మీది బొమ్మ మగ్గం మీద పుట్టిందనుకుంటాం. నిజానికి అది అంతకుముందే, ఆసు దగ్గరే మొదలవుతుంది.

చేతి ఆసు అంటే పాతకాలపు చెక్క చట్రం. ఒకవైపు అర్ధచంద్రాకారంలో వరుసగా మేకులు, ఎదురుగా ఒక్క మేకు. దారాన్ని ఒక్కో మేకుకూ వేసి వెనక్కి తేవాలి. ఒక్క చీరకు చెయ్యి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ తిరగాలి. పోగు వదులైతే, తర్వాత రంగు అంటకుండా దాని మీద కట్టిన ముడి జారి, రంగు పాకి, పువ్వు చెదిరిపోతుంది. ఈ చాకిరీ ఎక్కువగా ఇంటి ఆడవాళ్లదే. భుజాలు పడిపోయేవి.

ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం, తల్లి లక్ష్మి బాధ చూడలేక 1999లో ఆసు యంత్రం తయారుచేసి, దానికి ఆమె పేరే పెట్టారు. యంత్రం చేసినవాళ్లందరికీ గుర్తింపు దక్కదు: 1589లో ఇంగ్లండులో మేజోళ్లు అల్లే యంత్రం చేసిన విలియం లీకి రాణి పేటెంటు నిరాకరించింది. మన మల్లేశం అదృష్టవంతుడే: పేటెంటూ దక్కింది, 2017లో పద్మశ్రీ కూడా వచ్చింది.

యంత్రం వచ్చింది కదా అని నేరుగా దాని ముందు కూర్చోకండి. నేర్చుకోవాలనుకునేవాళ్లు ముందు చేతి ఆసు పోయండి. దారం బిగువు వేళ్లకు తెలిశాకే స్విచ్ వేయండి.