తలుపు బయట లైటు
(సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక గ్రామ సంఘం ప్రతినిధి ప్రసంగ పాఠం)



నన్ను అప్పుల వసూళ్ళ మీద మాట్లాడమన్నారు. ఆ లెక్కలు పుస్తకంలో ఉన్నాయి, చూసుకోవచ్చు. నేను లైటు గురించి మాట్లాడతాను. నవ్వకండి.

మే నెలలో మా గ్రామ సంఘం మీటింగ్ జరుగుతుండగా గాలివాన లేచింది. మన నూజివీడు వైపు మే నెలలో గాలి లేస్తే కాయ రాలడం, కరెంటు పోవడం రెండూ కలిసే వస్తాయి. తోటలో రసాలు, బంగినపల్లి ఏమైపోయాయో అని అందరం ఒక్కసారే లేచాం. హాల్లో ఇన్వర్టర్ ఉంది, వెలుగు బాగానే ఉంది. గుమ్మం దాటితే మాత్రం కటిక చీకటి. వీధి లైటూ అదే కరెంటు కదా, అదీ పోయింది. ముందు నడుస్తున్న మా తోడికోడలు మెట్టు కనపడక గుమ్మంలో ఆగింది. వెనకవాళ్ళకి ఆమె ఎందుకు ఆగిందో తెలియదు, తోసుకుంటూ వచ్చారు. మూడు మెట్ల మీద నుంచి పక్క కాలువలో పడింది. మణికట్టు విరిగింది. సీజన్లో ప్యాకింగ్ కూలి మొత్తం పోయింది. కిస్తీ మాత్రం ఆగదు కదా, మేమందరం తలా కొంత వేసి కట్టాం.

ఇందులో తప్పు నాది. ఇన్వర్టర్ పెట్టినప్పుడు ఎలక్ట్రీషియన్ "బయట కూడా ఒకటి వెయ్యమంటారా అమ్మా" అని అడిగాడు. అప్పుడు నేను కోశాధికారిని. "వీధి లైటు ఉందిగా, దండగ" అన్నాను.

తర్వాత తెలుసుకున్నాను. నేషనల్ బిల్డింగ్ కోడ్ అని దేశం మొత్తానికి ఒకటుంది. అత్యవసర దీపాలు ఎక్కడెక్కడ ఉండాలో అందులో రాశారు: మెట్ల దగ్గర, మలుపుల దగ్గర, తలుపుల దగ్గర, చివరి తలుపు బయట కూడా. కరెంటు పోతే 1 గంట 30 నిమిషాలు వెలగాలి. బయట ఎందుకంటే, వెలుగులోంచి చీకట్లోకి వస్తే కాసేపు కళ్ళు కనపడవు. సరిగ్గా అక్కడే మనిషి ఆగిపోతాడు. వెనక జనం ఆగరు.

మాది చెయ్యి విరిగిన కథ. ఢిల్లీలో ఉపహార్ సినిమా హాల్లో 1997 జూన్ 13న ట్రాన్స్‌ఫార్మర్ అంటుకుని పొగ నిండింది, కరెంటు పోయింది. దారి చూపే అత్యవసర దీపాలు లేవు. 59 మంది చనిపోయారు. అంత దూరం ఎందుకు, మన ముసునూరు మండలం అక్కిరెడ్డిగూడెం ఫ్యాక్టరీలో 2022 ఏప్రిల్‌లో రాత్రిపూట జరిగిన ప్రమాదం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. సీజన్లో మనవాళ్ళు రాత్రిళ్ళు పనిచేసే ప్యాకింగ్ షెడ్లలో ఎండు గడ్డి, అట్టపెట్టెలే కదా చుట్టూ. షటర్ ఒక్కటే దారి, దాని ముందు ట్రేలు పేరుస్తారు. పనికి వెళ్ళిన రోజు ఆ ట్రేలు పక్కకి జరపమని అడగండి. ఒక్కరు అడిగితే విసుక్కుంటారు, పదిమంది అడిగితే జరుపుతారు.

మా ఊళ్ళో గుమ్మం బయట బ్యాటరీ ఉన్న లైటు ఒకటి, వాన తగలకుండా కప్పు కింద పెట్టించాం. దాంతోనూ ఓ పాఠం నేర్చుకున్నాం. పగలు కరెంటు దండగని ఎవరో స్విచ్ ఆపేసేవారు, అలా ఆపితే బ్యాటరీ ఛార్జ్ అవ్వదు, అవసరానికి వెలగదు. ఇప్పుడు ఆ స్విచ్ మీద టేపు అంటించాం. ప్రతి నెలా మీటింగ్ రోజు మెయిన్ ఆపి, వెలిగిందో లేదో మినిట్స్ పుస్తకంలో రాస్తున్నాం. మూడు నెలలకోసారి గంటన్నర పూర్తిగా చూస్తాం, బ్యాటరీ పాతబడితే ముందుగా తెలిసేది అప్పుడే.

కాబట్టి సమాఖ్య నిధి నుంచి ప్రతి గ్రామ సంఘం భవనానికీ గుమ్మం బయట ఒక లైటు పెట్టించాలని తీర్మానం ప్రతిపాదిస్తున్నాను. పక్కన కాలువ ఉంటే దాని మీద పలక కూడా. మా తోడికోడలు బలపరుస్తానంది, మూడో వరసలో ఉంది.

ఈ హాలు మెట్ల దగ్గరా లైటు లేదు, వచ్చేటప్పుడు చూశాను. అధ్యక్షురాలు గారూ, ఇవాళ్టి సభ చీకటి పడకముందే ముగించండి.