మెట్టసీమ బాలురకు సముద్రవిద్య
(గ్రంథాలయ రజతోత్సవ సభలోని ఉపన్యాస పాఠము)



చాగలమర్రినుండి సముద్రతీరము నూటయేబది కిలోమీటర్లకు పైబడిన దూరమున నున్నది. నడుమ నల్లమల కొండలును, వెలిగొండలును అడ్డునిలిచినవి. ఈ గ్రామమున పుట్టి, చేనిలో పాటుపడి, సముద్రమును కన్నులార చూడకయే కాలము వెళ్లబుచ్చిన పెద్దలు పెక్కురు. బడిలో గురువు మహాసముద్రములు ఐదని చెప్పును. బాలుడు పసిఫిక్, అట్లాంటిక్, హిందూ, దక్షిణ, ఆర్కిటిక్ అని వల్లించును. పరీక్ష ముగిసిన మఱునాడు మఱచును. "కుందూనీటికే కాచుకొని కూర్చుండు సేద్యగానికి సముద్రముతో పనియేమి?" యని తండ్రి యడుగును. అడుగదగిన ప్రశ్నయే. దానికి సమాధానము పుస్తకమున వెదకుటకు ముందు ఊరిలోనే వెదకవచ్చును. ఊరి రాయి, ఊరి వాన, ఊరి యేరు, ఈ మూడును సమాధానము చెప్పగలవు.

మొదట రాయిని చూడవలెను. ఈ ప్రాంతపు ఇండ్లలో నేలపై పఱచు నాపరాళ్లు బేతంచెర్ల, బనగానపల్లె ప్రాంతపు గనులవి. అవి సున్నపురాయి జాతి. అనేక కోట్ల సంవత్సరములకు పూర్వము ఈ సీమ సముద్రగర్భమై యుండెను. నీటిలోని సున్నమును, సన్నని బురదయు అడుగునకు దిగి, పొరపై పొరగా పేరుకొని, పైబరువునకు గట్టిపడి రాయి యయ్యెను. కనుకనే నాపరాయి పలకలు పలకలుగా చీలుచున్నది. భారత భూగర్భ పరిశీలన శాఖకు చెందిన విలియం కింగ్ 1872లో కడప, కర్నూలు శిలలను గూర్చి పెద్ద గ్రంథమును ప్రకటించెను. నేటికిని శాస్త్రజ్ఞులు ఈ శిలలను నార్జి సున్నపురాయి, కోయిలకుంట్ల సున్నపురాయి యని ఈ సీమ ఊళ్ల పేర్లతోనే పిలుచుచున్నారు. బెలుము గుహలు అట్టి సున్నపురాతిని నీరు తొలిచిన దారులే. విహారయాత్రకు బెలుము పోయిన బాలురు ప్రాచీన సముద్రపు అడుగుననే నడచుచున్నారని వారికి చెప్పినవారు అరుదు.

కడప జిల్లా వేంపల్లె పరిసరముల శిలలు ఇంకను పాతవి. వాని వయస్సు దాదాపు రెండువందల కోట్ల సంవత్సరములు. ఆ రాళ్లలో ఉల్లిపొరలవలె ఒకదానిపై నొకటిగా వంగిన గీతలు కనబడును. అవి ఆనాటి నిస్సారపు నీటిలో బ్రతికిన కంటికి కానరాని సూక్ష్మజీవులు కట్టిన దిబ్బలు. సూర్యకాంతితో ఆహారము వండుకొని, ప్రాణవాయువును విడుచుట ఆ జీవుల వృత్తి. అట్టి దిబ్బలు ఆస్ట్రేలియా పడమటి తీరమున షార్క్ అఖాతములో నేడును సజీవముగా పెరుగుచున్నవి. వాని జాతికి చెందిన జీవులును, ఇతర సూక్ష్మ వృక్షజాతులును నేటి సముద్రములలో తేలియాడుచు, భూమిపై ఏటేట పుట్టు ప్రాణవాయువులో సుమారు సగమును పుట్టించుచున్నవి. వానిని తిని రొయ్యవంటి చిన్న ప్రాణులు, వానిని తిని కవళ్లు, కానాగంతలు, వానిని తిని వంజరము, సొర బ్రతుకును. భూమిపై పుట్టిన ప్రాణులలో కెల్ల పెద్దదియైన నీలితిమింగలము ముప్పది మీటర్ల పొడవు వఱకు పెరుగును. దాని ఆహారము వ్రేలెడు రొయ్యజాతి ప్రాణియే. అది చేప కాదు. ఊపిరికై నీటిపైకి వచ్చును, బిడ్డకు పాలిచ్చును.

కింగ్ ఈ సీమ శిలలను గూర్చి వ్రాసిన 1872వ సంవత్సరముననే, డిసెంబరు నెలలో, చాలెంజర్ అను ఓడ సముద్రముల లోతు తెలిసికొనుటకై ఇంగ్లండునుండి బయలుదేరెను. అది 1876 వఱకు తిరిగి, వేలకొలది క్రొత్త జీవజాతులను లోకమునకు చూపెను. దాని పేరనే పసిఫిక్ సముద్రపు మిక్కిలి లోతైన చోటును చాలెంజర్ అగాధమని పిలుచుచున్నారు. లోతు సుమారు 10,900 మీటర్లు. ఎవరెస్టు శిఖరమును అందు నిలిపినను, పైన రెండు కిలోమీటర్ల నీరు మిగులును. అంత చీకటిలోను, అంత బరువు క్రిందను ప్రాణులు కలవు.

ఇక వాన. ప్రపంచపటమున పసిఫిక్, అట్లాంటిక్ సముద్రములు ఉత్తర ధ్రువము దిక్కునకు సాగిపోవును. హిందూ మహాసముద్రమునకు మాత్రము ఉత్తరమున ఆసియా ఖండము గోడవలె అడ్డుగా నున్నది. వేసవిలో ఆ నేల వేడెక్కగా గాలి తేలికయై పైకెగయును. సముద్రముపైని తేమగాలి ఆ చోటికి తరలివచ్చును. అదియే నైరుతి ఋతుపవనము. శరత్కాలమున గాలి దిశ మారగా, బంగాళాఖాతపు వాయుగుండములు రాయలసీమకు రెండవ వాన తెచ్చును. పసిఫిక్ సముద్రపు మధ్య, తూర్పు భాగములలో నీరు మామూలుకంటె వేడెక్కిన సంవత్సరమును ఎల్ నినో సంవత్సర మందురు. అట్టి యేండ్లలో భారతదేశమున వాన తగ్గుట తఱచు. మృగశిర కార్తెలో మబ్బుకొఱకు తలయెత్తి చూచు రైతు సముద్రముకొఱకే చూచుచున్నాడు. సేద్యగానికి సముద్రముతో పనియేమి యన్న ప్రశ్నకు ఇదియే తిన్నని సమాధానము.

మూడవది ఏరు. వక్కిలేరు కుందూలో కలియును. ఈ మండలముననే రాజోలివద్ద కుందూపై ఆనకట్ట కలదు. కుందూ కడప జిల్లాలో పెన్నను చేరును. పెన్న సోమశిల దాటి, నెల్లూరు ప్రక్కగా పోయి, బంగాళాఖాతమున కలియును. సముద్రము ఈ ఊరికి వాననీ యగా, ఈ ఊరు సముద్రమునకు ఏమి పంపుచున్నది?

ఆంధ్రతీరమునకు ఆలివ్ రిడ్లే యను తాబేళ్లు శీతకాలము చివర వచ్చును. ఆడుతాబేలు రాత్రివేళ ఒడ్డెక్కి, ఇసుకలో గుంత త్రవ్వి, నూఱు గ్రుడ్లవఱకు పెట్టి, ఇసుక కప్పి, మరల కడలికి పోవును. ఏబది దినముల ప్రాంతమున పిల్లలు వెలువడి, తల్లితోడు లేకయే నీటిపై వెలుగును చూచి నడచును. సముద్రపు తాబేళ్లు జెల్లీచేపలను తినును. నీటిలో తేలు ప్లాస్టిక్ సంచి వాని కంటికి జెల్లీచేపవలె కనబడును. తిన్న తాబేలు అది అరుగక చచ్చును. అంగడినుండి తెచ్చి వక్కిలేటిలో పాఱవైచిన సంచి వరదలో ఎందాక పోవునో పెన్న దారి తెలిసిన బాలునకు వేఱుగ చెప్పనక్కఱలేదు. పైరుమందు మిగిలిన డబ్బా కడిగిన నీటి దారియు అదియే.

సముద్రవిద్య ప్రాణమును నిలుపుటయు కలదు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చిన నాడు టిల్లీ స్మిత్ అను పదేండ్ల ఇంగ్లీషు బాలిక తల్లిదండ్రులతో థాయిలాండు తీరమున నుండెను. నీరు నురుగులు క్రక్కుచు వింతగా కదలుట చూచి, రెండు వారముల క్రిందట భూగోళ తరగతిలో విన్న పాఠము ఆమెకు జ్ఞప్తికి వచ్చెను. ఆమె కేకకు తీరమునందలి సుమారు నూఱుమంది దూరముగా పోయి బ్రతికిరి. అదే దినమున ఆంధ్రతీరమున నూఱుమందికి పైగా మరణించిరి. అటుపిమ్మట 2007లో సునామీ హెచ్చరిక కేంద్రమును నెలకొల్పిరి. అది ఉన్నది తీరమున కాదు, కొండరాళ్ల నడుమ హైదరాబాదులో, భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రమున. మత్స్యకారులకు చేపలు దొరకు తావులను తెలుపునదియు ఆ కేంద్రమే.

విహారయాత్రకు తీరము చేరిన మెట్టసీమ బాలుడు ఒక్కమాట నేర్చియుండవలెను. అలలు విరుగు రెండు తావుల నడుమ నిమ్మళముగా కనబడు నీరే తఱచు ప్రమాదకరము; అచ్చట ప్రవాహము లోనికి లాగును. చిక్కినవాడు ఒడ్డునకు ఎదురీదక, తీరమునకు సమాంతరముగా ప్రక్కకు ఈది, లాగు తగ్గినపిదప ఒడ్డునకు రావలెను. ఈతరానివాడు మోకాలిలోతు దాటరాదు.

ఈ విద్య తెలుగునాట క్రొత్తది కాదు. 1952-53లో యూజీన్ లాఫాండ్ అను అమెరికను శాస్త్రజ్ఞుడు వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు వచ్చి, భారత నౌకాదళపు ఓడలపై విద్యార్థులతో బంగాళాఖాతమును పరిశోధించెను. ఆ తీరపు సముద్రగర్భ లోయలకు ఆంధ్ర, కృష్ణ యను పేర్లు కలవు; మఱియొకటి ఆ విశ్వవిద్యాలయపు భూగర్భశాస్త్రాచార్యుడు సి. మహాదేవన్ పేర నున్నది. పెన్న కడలి చేరు నెల్లూరు సీమలోనే, ముత్తుకూరున, మత్స్యశాస్త్ర కళాశాల కలదు. చాగలమర్రి బాలికకైనను, బాలునకైనను ఆ తలుపులు మూయబడి లేవు. అట్టి తలుపు ఒకటి కలదని తెలియకపోవుటయే అడ్డు.

తెలియజేయు చోటు గ్రంథాలయము. గ్రంథాలయోద్యమమునకు జీవితము ధారవోసిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు జన్మించినది కర్నూలుననే. ఇరువదియైదేండ్లు నడచిన గ్రంథాలయము సముద్రమునకై ఒక అర కేటాయించుట పెద్ద వ్యయము కాదు. ఆ అరలో నాలుగు పుస్తకములు, గోడపై పెన్న దారి చూపు పటము, దాని ప్రక్క ఒక నాపరాతి ముక్క, నాలుగు గవ్వలు చాలును. లీటరు నీటిలో ముప్పదియైదు గ్రాముల ఉప్పు కలిపి నాలుకకు తాకించిన బాలునకు సముద్రపు రుచి తెలియును. ఆదివారము సాయంకాలము ఒక విద్యార్థి చదివి వినిపింపగా, చదువురాని పెద్దలు వినవచ్చును. అట్లు విన్న తండ్రి మఱునాడు మందుడబ్బాను ఏటిలో కడుగక మానినచో, ఆ పాఠము పరీక్షలో నెగ్గినట్లే.

స్వస్తి.