రాత్రి డ్యూటీ నుండి వచ్చిన బిడ్డ

(శతవార్షికోత్సవముల సందర్భమున స్త్రీల మైత్రి, యౌవనస్థుల సంయుక్త సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సాయంత్రం నాకు ఇచ్చిన అంశం "యువ నర్సు, ఆమె జీవితము, ఆమె వృత్తి". దీనిని గూర్చి మాట్లాడుటకు నాకంటే అర్హులు ఈ సభలోనే వెనుక వరుసలలో కూర్చుని ఉన్నారు. ఆ మాటే కార్యదర్శిగారితో అన్నాను. "వారిని పిలిస్తే డ్యూటీ టైమైందని మధ్యలోనే లేచిపోతారండీ, మీరైతే చివరిదాకా ఉంటారు" అన్నారు వారు. సరేనని ఒప్పుకున్నాను. అయితే ఉపన్యాసం కంటే ముందు నేనొక తప్పు మీ ఎదుట ఒప్పుకోవలసి ఉన్నది.

కొన్నేళ్ల క్రితం నేను వేరొక పాస్టరేటులో పనిచేస్తున్నాను. ఆ సంఘంలో ఒక పేద కుటుంబపు ఆడపిల్ల జి.ఎన్.ఎం. చదివి పట్నంలోని ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నర్సుగా చేరింది. మూడు ఆదివారాలు గుడికి రాలేదు. నాలుగవ ఆదివారం ఆలస్యంగా వచ్చి వెనుక బల్ల మీద కూర్చున్నది. ప్రసంగం సగానికి వచ్చేసరికి తల వాలిపోయింది. నేను వేదిక మీద నుండి చూశాను. నాకు ప్రసంగ చాతుర్యం ఎక్కువని అప్పట్లో ఒక నమ్మకం. వెంటనే అపొస్తలుల కార్యములలోని ఐతుకు కథ ఎత్తుకున్నాను. త్రోయలో పౌలు అర్ధరాత్రి వరకు ప్రసంగిస్తూ ఉంటే, కిటికీలో కూర్చున్న ఆ యౌవనస్థుడు నిద్రలో జోగి మూడవ అంతస్తు నుండి క్రిందపడిన సంగతి మీకు తెలిసినదే. "మన గుడికి అంతస్తులు లేవు గనుక సరిపోయింది, లేకుంటే ఈ రోజు మనకు కూడా ఒక ఐతుకు దొరికేవాడు" అన్నాను. సంఘమంతా వెనక్కి తిరిగి చూసి నవ్వింది. ఆ పిల్ల ఉలిక్కిపడి లేచి, కొంగు సర్దుకుని, చివరి పాట వరకు తల ఎత్తలేదు.

గుడి అయిన తరువాత నా దగ్గరకు వచ్చి, "క్షమించండి అయ్యగారూ, నైట్ నుండి తిన్నగా వచ్చాను" అన్నది. "సరేనమ్మా, ఇక మీదట జాగ్రత్త" అన్నాను. ఇంతే! నైట్ అంటే ఎన్ని గంటలో నేను అడగలేదు. వేదాంత కళాశాలలో నేను గ్రీకు నేర్చుకున్నాను, సంఘ చరిత్ర నేర్చుకున్నాను. నర్సు రాత్రి డ్యూటీ ఎన్ని గంటలో అక్కడ ఎవరూ చెప్పలేదు, నేనూ ఎవరినీ అడిగి తెలుసుకోలేదు.

ఆ తరువాత ఏడాది తిరగకముందే మా నాన్నగారికి పక్షవాతం వచ్చింది. తొమ్మిది రాత్రులు నేను ఆస్పత్రిలో ఆయన మంచం ప్రక్కన స్టూలు మీద కూర్చున్నాను. నాకు ఆ తొమ్మిది రాత్రులే రెండవ వేదాంత కళాశాల.

ఆ వార్డులో 32 పడకలు. రాత్రి పూట ఇద్దరే నర్సులు. సాధారణ వార్డులో ఆరుగురు రోగులకు ఒక నర్సు ఉండవలెనని మన దేశంలో ఒక ప్రమాణం ఉన్నదని తరువాత తెలుసుకున్నాను. అక్కడ ఒక్కొక్కరికి పదహారుగురు. ఉదయం డ్యూటీ ఆరు గంటలు, మధ్యాహ్నం డ్యూటీ ఆరు గంటలు, రాత్రి డ్యూటీ మాత్రం ఎనిమిది నుండి ఎనిమిది వరకు పన్నెండు గంటలు. వచ్చీరాగానే దిగిపోయే నర్సుతో కలిసి మంచం మంచానికీ తిరిగి, ఎవరికి జ్వరం ఉన్నది, ఎవరికి సెలైన్ నడుస్తున్నది, ఎవరికి తెల్లవారి ఆపరేషన్ ఉన్నది అంతా అప్పగింత తీసుకుంటారు. తరువాత బి.పి., నాడి, జ్వరం, శ్వాస చూసి చార్టులో వేయాలి. త్రాగిన నీరు ఎంత, వచ్చిన మూత్రం ఎంత అన్నది కూడా వ్రాయాలి.

మా నాన్నగారిని చూసే అమ్మాయికి ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్లు ఉంటాయేమో. రెండు గంటలకొకసారి వచ్చి ఆయనను ఒకసారి ఎడమ ప్రక్కకు, ఒకసారి కుడి ప్రక్కకు తిప్పేది. మోకాళ్ల మధ్య దిండు పెట్టేది. వీపు తుడిచి, ఎక్కడైనా ఎర్రబడినదేమో చూసేది. కదలలేని మనిషిని ఒకే ప్రక్కన ఉంచితే మంచం పుండ్లు పడతాయని, అవి పడితే మానడం కష్టమని చెప్పింది. మందు ఇచ్చే ప్రతిసారీ "తాతగారూ, మీ పేరు చెప్పండి" అని అడిగేది. మా నాన్నగారికి మాట తడబడుతున్నది. మూడవ రాత్రి నాకు విసుగు వచ్చి, "ఏమమ్మా, మూడు రోజులుగా చూస్తున్నావు, ఇంకా పేరు తెలియదా?" అన్నాను. ఆ అమ్మాయి నొచ్చుకోలేదు. "తెలుసండీ. అయినా అడగాలండీ. సరైన మనిషికి, సరైన మందు, సరైన మోతాదులో, సరైన మార్గంలో, సరైన సమయానికి వెళ్తున్నదా అని ప్రతిసారీ చూసుకోమని మాకు మొదటి ఏడాదే నేర్పారండీ. తెలుసు కదా అనుకున్న రోజే పొరపాటు జరుగుతుందండీ" అన్నది. నా పరిచర్యలో నేను "తెలుసు కదా" అనుకున్న మనుషులందరూ ఆ క్షణాన నాకు గుర్తుకు వచ్చారు. వెనుక బల్ల మీద నిద్రపోయిన పిల్ల అందరికంటే ముందు గుర్తుకు వచ్చింది.

తెల్లవారి ఎనిమిదికి ఆ అమ్మాయి డ్యూటీ దిగి వెళ్తూ ఉంటే మెట్ల దగ్గర చూశాను. గోడకు చేయి ఆనించి ఒక్క నిమిషం కళ్లు మూసుకుని నిలబడి, మళ్లీ నడిచింది. ఆ రోజు ఆదివారం.

ప్రియులారా, ఈ వృత్తి మన ఇంటిదే. రోమా పత్రిక చివర పౌలు పేరెత్తి సిఫారసు చేసిన ఫీబే, కెంక్రేయ సంఘపు పరిచారకురాలు, ప్రయాణం చేసిన స్త్రీ. ఆ మాదిరిని తిరిగి నిలబెట్టవలెనని 1836లో జర్మనీలో రైను నది ఒడ్డున కైజర్స్‌వెర్త్ అనే ఊరిలో ఫ్లీడ్నర్ అనే ఒక పాస్టరుగారు పరిచారికల శిక్షణాలయం ప్రారంభించారు. ఫ్లారెన్స్ నైటింగేల్ 1851లో అక్కడికి వెళ్లి సుమారు మూడు నెలలు శిక్షణ పొందింది. అప్పటికి ఆమె ఇంటివారికి ఈ పని సుతరామూ ఇష్టం లేదు. 1854లో ఆమె 38 మంది స్త్రీలతో స్కుటారి యుద్ధ ఆస్పత్రికి వెళ్లినది. 1860లో లండనులో నర్సుల పాఠశాల స్థాపించినది. ఇక మన వైపు చూస్తే, 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ 1898లో అక్కడ ఆస్పత్రి తెరిచారు. వెల్లూరులో డాక్టర్ ఐడా స్కడర్ 1909లో నర్సుల శిక్షణ మొదలుపెట్టారు. 1946 నుండి అక్కడ నర్సింగ్ డిగ్రీయే చదువుకోవచ్చు. మంచి కుటుంబాలవారు ఆడపిల్లను ఆస్పత్రి పనికి పంపని రోజులలో మన సంఘపు ఆడబిడ్డలు, అందులోనూ వితంతువులు, అనాథలు, ఆ తెల్లచీర కట్టుకుని ముందుకు నడిచారు.

చీర మాట వచ్చింది గనుక నర్సు వేషధారణను గురించి కూడా ఒక మాట. మా చిన్నతనంలో నర్సమ్మ అంటే తెల్లచీర, నడుముకు బెల్టు, తల మీద గంజిపెట్టిన టోపీ. ఇప్పుడు చాలా చోట్ల ఆ టోపీ పోయింది. తెలుపు పోయి రంగు చొక్కా, పైజామా వచ్చినవి. "అయ్యో, ఆ గౌరవం పోయిందండీ" అని పెద్దలు నొచ్చుకుంటారు. కాని వంగి రోగిని లేపడానికి, పరుగెత్తడానికి చీర కంటే అదే అనువు. చేతికి గాజులు, ఉంగరం ఉండవు. గోళ్లు పెంచరు. వాటి సందులలో చేరిన క్రిములు ఒక రోగి నుండి మరొక రోగికి పోతాయి. గడియారం మణికట్టుకు కాక గుండె మీద తగిలించుకుంటారు. ఇది తెలియక పెళ్లిచూపులలో "పిల్ల చేతులు బోసిగా ఉన్నాయే" అన్నవారున్నారు. సరే, ఆరు రోజులు యూనిఫారంలో ఉండే పిల్ల ఆదివారం ఒక మంచి రంగుచీర కట్టుకుని, రెండు మూరల మల్లెపూలు పెట్టుకుని వస్తే "సంపాదన మదం" అన్నవారూ మనలో ఉన్నారు. తల్లులారా, ఆ రంగుచీర ఆమెకు వారానికి ఒక్కనాటి సెలవు.

నాన్నగారు కుదుటపడి ఇంటికి వచ్చిన తరువాత, నేను ఆ పిల్ల ఇంటికి వెళ్లాను. "అమ్మా, ఆనాడు నేను నిన్ను పదిమందిలో నవ్వులపాలు చేశాను, తప్పయింది" అన్నాను. ఆమె తల్లి కంగారుపడి "అయ్యో, మీరు అంత మాట అనకూడదండీ అయ్యగారూ" అన్నది. ఆ పిల్ల మాత్రం కొంచెంసేపు ఊరుకుని, మెల్లగా అన్నది: "అయ్యగారూ, ఇంటికెళ్లి ఆ అధ్యాయం చదివానండీ. ఐతుకు పడిపోయినప్పుడు పౌలుగారు నవ్వలేదండీ. ప్రసంగం ఆపి, క్రిందికి దిగి వచ్చి, ఆ పిల్లవాణ్ణి కౌగిలించుకున్నారండీ."

నేను నూరు సార్లు చదివిన అధ్యాయం అది. పడిపోయినవాడు ఒక్కడే నాకు కనబడ్డాడు. దిగివచ్చినవాడు ఆ పిల్ల చెప్పినదాకా కనబడలేదు.

తరువాత రెండేళ్లకు ఆమె కువైట్ వెళ్లింది. పెట్టెలో బట్టల బరువు కంటే గోంగూర పచ్చడి, కందిపొడి బరువే ఎక్కువ. విమానం ఎక్కడం ఆమెకే కాదు, ఆ వీధికే మొదటిసారి. అక్కడ మనకంటే గడియారం రెండున్నర గంటలు వెనుక. ఆమె రాత్రి ఏడు గంటలకు డ్యూటీ దిగి ఫోను చేస్తే ఇక్కడ తొమ్మిదిన్నర. ఆమె తల్లి అప్పటివరకు అన్నం తినకుండా కూర్చునేది. అక్కడ సెలవు శుక్రవారం గనుక మన తెలుగువారు శుక్రవారమే ఆరాధనకు కూడుకుంటారు. "ఇక్కడ ఒక్క ఆరాధన కూడా తప్పలేదండీ అయ్యగారూ" అని చెప్పింది. సంతోషించాను, సిగ్గుపడ్డాను కూడా. పరాయి దేశంలో ఆమె సెలవు రోజుకు తగినట్లు ఆరాధన కుదిరింది, స్వంత ఊరిలో మనం కుదర్చలేకపోయాము.

మొన్న సెలవుకు వచ్చినప్పుడు ఉద్యోగం సంగతి అడిగాను. "నాన్న అప్పు తీరిందండీ. ఇంటికి శ్లాబు వేశాము. తమ్ముడి ఇంజనీరింగు పూర్తయింది. ఇంకా పై చదువు చదివి, నర్సింగ్ పిల్లలకు పాఠం చెప్పాలని నా కోరిక. ఇంట్లో ఎవరైనా 'నీకేం కావాలమ్మా' అని అడుగుతారేమోనని చూస్తున్నానండీ" అని నవ్వింది. ఆ నవ్వు చూస్తే నాకు నవ్వు రాలేదు.

ఈ వృత్తిలో నిందలూ ఉన్నవి, నష్టాలూ ఉన్నవి. చాలా ప్రైవేటు ఆస్పత్రులలో జీతం తక్కువ. సర్టిఫికెట్లు తమ దగ్గర పెట్టుకుని బాండు వ్రాయించుకునే అలవాటు మీద 2011, 2012 సంవత్సరాలలో అనేక నగరాలలో నర్సులు సమ్మె చేశారు. 2016లో సుప్రీంకోర్టు ఆదేశం మీద ఏర్పడిన కమిటీ, 50 పడకల లోపు ఆస్పత్రిలో కూడా నెలకు 20,000 రూపాయలకు తగ్గరాదని సిఫారసు చేసింది. ఆ సిఫారసు ఇంకా అందని బిడ్డలు మన సంఘాలలోనే ఉన్నారు. ప్రాణాపాయమూ ఉన్నది. 2018 మే నెలలో కేరళలో నిపా జ్వరం రోగికి సేవ చేసిన లిని అనే నర్సు, ఇద్దరు చిన్నబిడ్డల తల్లి, అదే జ్వరంతో చనిపోయినది. నైటింగేల్ పుట్టి 200 ఏళ్లయిన 2020వ సంవత్సరాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ నర్సుల సంవత్సరంగా ప్రకటించింది. ఆ ఏడాదే కరోనా వచ్చింది. పళ్లేలు మ్రోగించి చప్పట్లు కొట్టాము. చప్పట్లు కొట్టిన వీధులలోనే కొన్నిచోట్ల ఇల్లు ఖాళీ చేయమని అదే నర్సుతో అన్నారు.

నూరు సంవత్సరాల పండుగ చేసుకుంటున్న మనం నాలుగు పనులు చేయగలము.

మొదటిది, రాత్రి డ్యూటీ చేసినవారికి అనుకూలంగా ప్రతి పాస్టరేటులో నెలకొక సాయంకాల ఆరాధన పెట్టుదాము. ప్రభు సంస్కారం నర్సుల హాస్టలుకే తీసుకుపోవుదాము. నేను ఇప్పుడున్న చోట దీనిని మొదలుపెట్టాను. మొదటి నెల నలుగురు వచ్చారు. ఇప్పుడు బల్లలు చాలడం లేదు.

రెండవది, సంబంధాలు చూసేటప్పుడు "నైట్ డ్యూటీ పిల్ల" అన్న మాట మన నోట రాకూడదు. మీ తల్లి ఐ.సి.యు.లో ఉన్న రాత్రి ఆ పిల్లే కావాలి, మీ ఇంటి కోడలుగా మాత్రం వద్దా?

మూడవది, విదేశం వెళ్లే బిడ్డ సంతకం పెట్టకముందు ఆ ఒప్పందాన్ని చదివి చెప్పగల చదువుకున్నవారు సంఘంలో ఇద్దరైనా సిద్ధంగా ఉండాలి. గల్ఫ్ మొదలైన 18 దేశాలకు వెళ్లే నర్సులకు 2015 నుండి ఎమిగ్రేషన్ అనుమతి తప్పనిసరి. ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్ అనే ప్రభుత్వ సంస్థలు ఉన్నవి. దళారి చేతిలో పొలం కాగితాలు పెట్టకముందు అక్కడ విచారించండి.

నాలుగవది తండ్రులకు, అన్నదమ్ములకు. డబ్బు పంపే బిడ్డను ఏడాదికి ఒక్కసారైనా "నీకేం కావాలమ్మా" అని అడగండి.

ఇప్పుడు ఏడున్నర కావస్తున్నది. వెనుక వరుసలో ముగ్గురు అమ్మాయిలు సంచులు సర్దుకుంటున్నారు. ఎనిమిదికి వారు వార్డులో ఉండాలి. వెళ్లిరండి తల్లీ. ఈసారి ఎవరూ వెనక్కి తిరిగి నవ్వరు. సంఘమంతా లేచి నిలబడి వారిని సాగనంపవలెనని కోరుచున్నాను. నేనూ వేదిక దిగి వారితో గేటు వరకు వెళ్తాను. పౌలుగారు దిగినట్లు దిగడం నాకు ఆలస్యంగా తెలిసింది.