గోదావరి ఈదుతానన్న తమ్ముడు

వరంగల్ నుంచి మాట్లాడుతున్నా. ఇవ్వాళ ఎపిసోడ్‌లో ఒక ఇంటి ముచ్చట చెప్తా. కానీ ఇది మీలో చాలామందికి పనికొచ్చే ముచ్చటే.

పోయిన ఏడాది మే నెలలో మా చిన్నాన్న కొడుకు ఫోన్ చేసిండు. "అన్నా, ఆగస్టు 15కు ఏటూరునాగారం కాడ గోదావరిల పది కిలోమీటర్లు ఈదుతా. వీడియో పెట్టి పైసలు జమ చేద్దాం" అన్నాడు. ఎవరి కోసంరా అంటే, వాళ్ల దోస్తు నాన్నకు కిడ్నీలు పోయాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. అది ఫ్రీగానే అవుతుంది. కానీ ఆయన పనికి పోలేడు. ఆటో చార్జీలు, మందులు, ఇంటి కిరాయి ఎక్కడి నుంచి రావాలి?

వాడి మనసు మంచిదే. ఐడియా కూడా కొత్తదేం కాదు. 2011 సెప్టెంబర్‌లో ఇంగ్లండ్ కమెడియన్ డేవిడ్ వాలియమ్స్ థేమ్స్ నదిలో 8 రోజుల్లో 140 మైళ్లు, అంటే దాదాపు 225 కిలోమీటర్లు ఈదాడు. స్పోర్ట్ రిలీఫ్ అనే చారిటీకి పది లక్షల పౌండ్లకు పైగా వచ్చాయి. అయితే మనం చూడనిది ఏంటంటే, ఆయన అంతకు ముందే 2006లో ఇంగ్లిష్ చానెల్ ఈదినవాడు. పక్కన పడవ ఉంది, టీమ్ ఉంది. అయినా నది నీళ్లకు కడుపు పాడై మధ్యలో బాగా ఇబ్బంది పడ్డాడు.

అంత దూరం ఎందుకు, మన గోలి శ్యామల గారినే చూడండి. ఊరు సామర్లకోట. నీళ్లంటేనే భయపడే మనిషి. నలభై దాటాక ఈత నేర్చుకున్నారు. 2021 మార్చిలో శ్రీలంకలోని తలైమన్నార్ నుంచి మన ధనుష్కోడి దాకా సుమారు 30 కిలోమీటర్లు, 13 గంటల 43 నిమిషాల్లో ఈదారు. యాభై దాటాక, 2024 డిసెంబర్ 28న విశాఖలో మొదలుపెట్టి 2025 జనవరి మొదటివారంలో కాకినాడ చేరారు. 150 కిలోమీటర్లు! నేర్చుకోవడానికీ ఆ రోజుకూ మధ్య ఎన్ని ఏళ్ల ప్రాక్టీస్ ఉందో ఆలోచించండి.

నేను తమ్మునికి ఇదే చెప్పిన. "అరేయ్, పూల్‌లో అలిసిపోతే గోడ పట్టుకుంటవు. నదిలో ఏం పట్టుకుంటవు?" పూల్‌లో అడుగున గీత కనిపిస్తుంది, నేరుగా పోతాం. నదిలో అడుగు కనిపించదు. ప్రతి కొన్ని బారలకు తల ఎత్తి ఒడ్డు చూసుకోవాలి. ప్రవాహానికి ఎదురు కొట్టుకుంటే పది నిమిషాల్లో చేతులు పడిపోతాయి. దానితో పాటు పోతూ ఏటవాలుగా ఒడ్డుకు రావాలి. ఇసుక తీసిన చోట మోకాలు లోతు అనుకున్న నీళ్లు ఒక్క అడుగులో తల దాటిపోతాయి. పైగా ఆగస్టు అంటే వరద కాలం. అప్పుడు రామన్నగూడెం కాడ నిలబడి గోదావరిని చూసినోళ్లకు నేను చెప్పాల్సిన పని లేదు.

వాడికి కోపం వచ్చింది. "నీకు భయం అన్నా" అన్నాడు. నిజమే, భయమే. ఇంటర్‌లో ఉన్నప్పుడు దోస్తులు రెచ్చగొడితే కాలువలో దూకిన. ఇద్దరు లుంగీ విసిరి గుంజకపోతే ఇవ్వాళ ఈ మైకు ముందు ఉండేవాణ్ణి కాదు. ఆ సంగతి మా అమ్మకు ఇప్పటికీ తెల్వదు. ఇగ ఈ ఎపిసోడ్‌తో తెలుస్తది.

చివరికి ఒక ఒప్పందానికి వచ్చినం. నది కాదు, పూల్. దూరం మాత్రం అదే, పది కిలోమీటర్లు. హనుమకొండలో ఒక 25 మీటర్ల పూల్ దొరికింది. అంటే 400 సార్లు ఇటు నుంచి అటు. చుట్టాలు, దోస్తులు ఒక్కో లెంగ్త్‌కు రూపాయో, ఐదో ఇస్తామన్నారు. మూడు నెలలు కోచ్ దగ్గర ప్రాక్టీస్ చేసిండు.

ఆగస్టులో ఒక ఆదివారం పొద్దున మొదలుపెట్టిండు. నేను నోట్‌బుక్‌లో గీతలు కొట్టుకుంటూ కూర్చున్న. అరగంటకోసారి గ్లూకోజ్ నీళ్లు, అరటిపండు ముక్క. 200 దాటింది. రెండున్నర గంటలకు, 232 దగ్గర, పిక్క పట్టేసింది. మొహం తెల్లబోయింది. చెయ్యి చాపి గోడ పట్టుకున్నడు. కోచ్ దిగి పైకి లాగిండు.

ఐదు కిలోమీటర్ల 800 మీటర్లు. అంతే.

వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అన్నాడు: "అన్నా, ఆడ గోడ లేకపోవు గదా."

పైసలు? కొందరు 232కే లెక్క కట్టి ఇచ్చిన్రు. కొందరు మొత్తం 400కు ఇచ్చిన్రు. కలిపితే ఆ ఇంటికి రెండు నెలల కిరాయి, కొన్ని మందులు వెళ్లాయి. చిన్నదే. కానీ ఇంకో ఇంట్లో ఏడుపు పెట్టకుండా వచ్చిన పైసలు.

వాడు గోదావరి మాట మర్చిపోలేదు. మర్చిపొమ్మని నేనూ అనను. ముందు పూల్‌లో పది పూర్తి చేస్తాడట. తర్వాత పడవ, లైఫ్ జాకెట్ వేసుకున్న మనుషులు, పర్మిషన్, వానాకాలం కాని రోజు చూసుకొని, కోచ్ సరే అంటేనే నది.

మీలో ఎవరికైనా ఇట్లాంటి ఆలోచన ఉంటే మంచిదే. రీల్ కోసం మాత్రం చెరువులో, కాలువలో దూకకండి. ఒంటరిగా అసలే వద్దు. ఎవరన్నా మునుగుతుంటే మీరూ దూకకుండా తాడో, చున్నీయో, ఖాళీ డబ్బానో విసరండి, 112కు ఫోన్ చేయండి.

ఈ ముచ్చట ఈత రాని ఒక్క దోస్తుకైనా పంపండి. మళ్లీ కలుద్దాం. ఉంటా మరి.